నాలుగు చోట్ల బయోడేటా, ఒక్క చోటే మాట



పోయిన నెల మా మద్రసాలో పెద్ద తరగతి విద్యార్థులకు నికాహ్ ప్రకరణం బోధిస్తున్నాము. తోటి సోదరుడు కుదుర్చుకుంటున్న బేరం మీద మరొకరు బేరం చేయరాదనీ, అతడు పంపిన పెళ్ళి ప్రతిపాదన మీద మరొకరు ప్రతిపాదన పంపరాదనీ మహాప్రవక్త ముహమ్మద్ (స) వారించిన హదీసు ఆ రోజు పాఠం. వెనుక వరుసలో కూర్చున్న వజ్రపుకొత్తూరు కుర్రవాడు లేచి, "ఉస్తాద్, మా అన్నయ్య ఫోనులో నాలుగు పెళ్ళి యాప్‌లున్నాయి. ఒక్కొక్క దానిలో ఇద్దరు ముగ్గురు అమ్మాయిల తరఫు వాళ్ళతో మాట్లాడుతున్నాడు. ఇంకా ఏదీ ఖాయం కాలేదు కనుక తప్పు లేదంటున్నాడు. ఇది ఈ హదీసు కిందికి వస్తుందా, రాదా?" అని అడిగాడు.

తరగతి అంతా నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు. మరునాడు చెబుతామని పాఠం ముగించాము. గ్రంథాలలో జవాబు దొరకక వాయిదా వేయలేదు. సరిగ్గా ఆ వారమే అదే ప్రశ్న మా ఇంట్లో మా ముందుకు వచ్చి ఉన్నది. ఆ సంగతి తరువాత చెబుతాము. ముందు ఈ పరిస్థితి ఎందుకు వచ్చిందో చూద్దాము.

ఇన్ని చోట్ల ఎందుకు వెతుకుతున్నాము?

మన శ్రీకాకుళం జిల్లాలో ముస్లిములు నూటికి ఒక్కరైనా లేరు. పలాస, కాశీబుగ్గ, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం... ఏ ఊరు చూసినా ఒక మసీదు, దాని చుట్టూ కొన్ని ఇళ్ళు. ఆ ఇళ్ళన్నీ ఒకరికొకరు బంధువులే. పూర్వం పెళ్ళి సంబంధమంటే ఇటు బరంపురం, అటు విజయనగరం, విశాఖపట్నం దాకా తెలిసిన పెద్దమనిషి ఒకరు కబురు మోసేవారు. ఆయన రెండు కుటుంబాలనూ ఎరిగినవారు. అబద్ధం చెబితే రేపు మసీదులో ముఖం చూపలేరు కనుక ఆయన మాటకు ఒక పూచీ ఉండేది.

ఇప్పుడు ఆ పెద్దలు తగ్గిపోయారు. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు హైదరాబాదుకు, గల్ఫ్ దేశాలకు చెదిరిపోయారు. మరొక బాధ కూడా ఉన్నది. ఉద్దానం ప్రాంతపు కిడ్నీ వ్యాధి గురించి పత్రికలలో చదివిన బయటి ఊళ్ళవారు, ఈ వైపు పిల్లను ఇవ్వడానికీ, పిల్లను తెచ్చుకోవడానికీ వెనుకాడుతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పటి నుండి చేతిలో డబ్బు ఆడని కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఇటువంటి స్థితిలో ఒక తండ్రి తన కుమార్తె బయోడేటాను రెండు మ్యాట్రిమోని సైట్లలో, ఒక ముస్లిం యాప్‌లో, మూడు వాట్సాప్ గ్రూపులలో పెట్టాడంటే అతడిని మేము నిందించలేము. అది ఆశ కాదు, ఆందోళన.

ఈ సాధనాలు కొత్తవి కూడా కావు. అమెరికాలో మ్యాచ్ డాట్ కామ్ 1995లోనే వచ్చింది. మన దేశంలో 1990ల చివరి నుండే పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లు నడుస్తున్నాయి. 2012లో వచ్చిన టిండర్, బొమ్మను వేలితో ఒక ప్రక్కకు నెట్టి మనిషిని ఒప్పుకోవడం, కాదనడం అలవాటు చేసింది. ముస్లిముల కోసమని 2015లో లండన్‌లో షాజాద్ యూనస్ ప్రారంభించిన ముజ్‌మ్యాచ్ నేడు ముజ్ అనే పేరుతో నడుస్తున్నది. అమ్మాయి సంభాషణలను ఆమె సంరక్షకుడు కూడా చూడగలిగే ఏర్పాటు అందులో ఉన్నది. కనుక సాధనమంతా చెడ్డదనడం న్యాయం కాదు. కత్తితో కూరా తరగవచ్చు, చేయీ కోసుకోవచ్చు.

పెళ్ళి ఉద్దేశమే లేకుండా కాలక్షేపానికి పరస్త్రీలతో, పరపురుషులతో రాత్రింబవళ్ళు మాటలాడే వారి సంగతి ఇక్కడ చర్చించడం లేదు. అది ఒక యాప్‌లో చేసినా, పది యాప్‌లలో చేసినా నిషిద్ధమే. అందులో సందేహానికి తావు లేదు. మేము మాట్లాడుతున్నది నిజంగా నికాహ్ కోరుతూనే ఒకే సమయంలో అనేక గుమ్మాలు తట్టే మన కుటుంబాల గురించి.

ధర్మం గీసిన గీత ఎక్కడ ఉన్నది?

ధర్మవేత్తలు పెళ్ళి సంబంధాన్ని మూడు దశలుగా చూశారు. మొదటిది వెతకడం. రెండవది ప్రతిపాదన వెళ్ళి, జవాబు రాకుండా ఉన్న దశ. మూడవది అవతలివారు సమ్మతించిన, లేక స్పష్టంగా మొగ్గు చూపిన దశ.

మొదటి దశలో ఎన్ని చోట్ల విచారించినా ఆక్షేపణ లేదు. నలుగురిని అడగడం, నాలుగు చోట్ల బయోడేటా ఉంచడం వెతకడమే.

రెండవ దశకు ఆధారం హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) వృత్తాంతం. ఆమెకు ఇద్దరి నుండి ప్రతిపాదనలు వచ్చాయి, ఒకరు ముఆవియా (రజి), మరొకరు అబూ జహమ్ (రజి). ఆమె ఇద్దరికీ జవాబివ్వక ముందే మహాప్రవక్త (స) వద్దకు వచ్చి సలహా అడిగారు. ఆయన (స) ఒకరి పేదరికాన్నీ, మరొకరి కఠినత్వాన్నీ దాచకుండా తెలియజేసి, ఉసామా బిన్ జైద్ (రజి)ను చేసుకొమ్మని సూచించారు. దీనిని బట్టి పండితులు రెండు సంగతులు గ్రహించారు. జవాబివ్వని స్థితిలో ఒకటికి మించిన ప్రతిపాదనలు ఉండడం పాపం కాదు. సంబంధం విచారించే వారికి ఉన్నది ఉన్నట్లు చెప్పడం పరోక్షనింద కాదు, అది హితవు.

మూడవ దశలో వ్యవహారం మారిపోతుంది. "మాకు సమ్మతమే" అన్న మాట వెలువడిన తరువాత ఇతరులు అందులో ప్రవేశించరాదు. ఆ మాట ఇచ్చినవారు కూడా ప్రక్క దారులు వెతకరాదు. నిశ్చయం నికాహ్ కాదు, నిజమే. తగిన కారణముంటే విరమించుకోవచ్చు. కాని అది వాగ్దానం. చేసిన ఒడంబడికను గురించి మనం ప్రశ్నింపబడతామని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరిస్తున్నది. మాట ఇచ్చి తప్పడాన్ని మహాప్రవక్త (స) కపటి లక్షణాలలో ఒకటిగా లెక్కించారు.

మన పలాస వాసులకు ఇది తేలికగా అర్థమవుతుంది. ఒక జీడిపప్పు వ్యాపారి తన సరుకును పదిమంది కొనుగోలుదారులకు చూపిస్తే అది వ్యాపారం. ఒకే సరుకుకు ఇద్దరి వద్ద బయానా తీసుకుంటే అది మోసం. కాశీబుగ్గ బజారులో అటువంటివాడితో మళ్ళీ ఎవరూ లావాదేవీ పెట్టుకోరు. మహాప్రవక్త (స) బేరాన్నీ, పెళ్ళి ప్రతిపాదననూ ఒకే హదీసులో ప్రక్క ప్రక్కన పెట్టి చెప్పడంలోని వివేకం మాకు ఇక్కడే బోధపడింది. పప్పు బస్తా విషయంలో మనం పాటించే నీతి, ఆడపిల్ల విషయంలో పాటించకపోతే మన విశ్వాసం ఏపాటిది?

హజ్రత్ ఉమర్ (రజి) ఎదురుచూపు

ఈ రెండు, మూడు దశల మధ్య ఒక చీకటి గది ఉన్నది. అవతలివారు అడిగారు, మనం అవుననలేదు, కాదనలేదు. నేటి యాప్‌లలో జరిగే అన్యాయంలో ఎక్కువ భాగం ఈ గదిలోనే జరుగుతున్నది. దీనిపై వెలుగు చూపే వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉన్నది.

హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి) భర్త ఖునైస్ బిన్ హుజాఫా (రజి). ఆయన బద్ర్ యుద్ధంలో పాల్గొన్న సహాబీ. మదీనాలో మరణించారు. చిన్న వయసులోనే వితంతువైన కుమార్తె కోసం తండ్రి స్వయంగా బయలుదేరారు. మొదట హజ్రత్ ఉస్మాన్ (రజి)ను కలిసి, ఆమెను వివాహమాడమని కోరారు. ఆయన ఆలోచించి చెబుతానన్నారు. కొన్ని రోజుల తరువాత, ఇప్పట్లో వివాహం చేసుకునే ఉద్దేశం లేదని స్పష్టంగా తెలిపారు. అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) హజ్రత్ అబూ బక్ర్ (రజి)ను కలిశారు. ఆయన మౌనం వహించారు. అవుననలేదు, కాదనలేదు. ఉస్మాన్ (రజి) నిరాకరణ కంటే అబూ బక్ర్ (రజి) మౌనమే తనకు ఎక్కువ బాధ కలిగించిందని తరువాత హజ్రత్ ఉమర్ (రజి) స్వయంగా చెప్పుకున్నారు.

కొన్ని రోజులకు మహాప్రవక్త (స) స్వయంగా హజ్రత్ హఫ్సా (రజి)ను కోరారు. నికాహ్ జరిగింది. ఆ పిమ్మట హజ్రత్ అబూ బక్ర్ (రజి) హజ్రత్ ఉమర్ (రజి) వద్దకు వెళ్ళి, మీకు నా మీద కోపం వచ్చి ఉంటుందని తానే ప్రస్తావించారు. మహాప్రవక్త (స) ఆమె ప్రస్తావన చేసినట్లు తనకు తెలుసుననీ, ఆ రహస్యాన్ని బయటపెట్టలేక మౌనంగా ఉన్నాననీ, ఆయన (స) విరమించి ఉంటే తాను తప్పక అంగీకరించేవాడిననీ వివరించారు.

గమనించండి. తండ్రి ఒకరి జవాబు వచ్చేవరకు ఆగి, ఆ తరువాతనే రెండవ గుమ్మం తట్టారు. నిరాకరించిన వ్యక్తి గడువు అడిగారు, గడువులోగా జవాబు చెప్పారు. మౌనంగా ఉండవలసి వచ్చిన వ్యక్తికి ఎంత పవిత్రమైన కారణమున్నా, తరువాత తానే వెళ్ళి మనసు తేలికపరిచారు. ఇస్లామీయ చరిత్రలో మహోన్నతులైన ఇద్దరి మధ్యనే జవాబు రాని కబురు అంత నొప్పి కలిగిస్తే, మన ఊళ్ళలో ఒక సామాన్య తండ్రికి, ఒక ఆడపిల్లకు అది ఎంత నొప్పి కలిగిస్తుంది?

మా ఇంట్లో జరిగినది

ఈ వృత్తాంతాన్ని మేము ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నాము. అయినా మా సొంత ఇంటి విషయంలో అది మాకు గుర్తు రాలేదు.

మా చెల్లెలి కుమార్తె డిగ్రీ పూర్తి చేసి రెండేళ్ళయింది. ఆమె తండ్రికి ఫోను వ్యవహారాలు అంతగా తెలియవు కనుక, సంబంధాలు చూసే బాధ్యత మా మీద పడింది. మేమే నాలుగు చోట్ల బయోడేటా పెట్టాము. విశాఖపట్నం వైపు నుండి ఒక కుటుంబం వచ్చింది. పిల్లను చూశారు, భోజనం చేశారు, తమకు పూర్తిగా సమ్మతమనీ, ఇంటికి వెళ్ళి తారీఖు తెలుపుతామనీ చెప్పి వెళ్ళారు. మా చెల్లెలు ఆ రాత్రి షుక్రానా నమాజు చేసింది. నలభై రోజులు గడిచాయి. ఫోను ఎత్తరు, సందేశానికి జవాబు లేదు. సందేశం చదివినట్లు గుర్తు మాత్రం పడుతుంది. చివరకు ఒక బంధువు ద్వారా తెలిసిందేమంటే, అదే నెలలో వారు మరో రెండు ఊళ్ళలో కూడా సమ్మతమే అని చెప్పి వచ్చారట.

మాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ రోజు చెల్లెలి ఇంట్లో కూర్చుని, వారికి దైవభీతి లేదనీ, పిల్లలను సంతలో సరుకు అనుకుంటున్నారనీ చాలాసేపు మాట్లాడాము. మా మేనకోడలు టీ తెచ్చి ముందు పెట్టి, నెమ్మదిగా ఇలా అన్నది:

"మామూ, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. రమజానులో బరంపురం నుండి వచ్చిన కబురుకు మనం ఏం జవాబు ఇచ్చాము?"

మాకు నోట మాట రాలేదు. బరంపురంలో ఒక కుర్రవాడు, ఒక చిన్న దుకాణంలో లెక్కలు రాస్తాడు, నమాజు తప్పడు. అతని తండ్రి స్వయంగా ఫోను చేసి అడిగారు. విశాఖపట్నం సంబంధం ఉద్యోగస్థులది కనుక మా మనసు అటు ఉన్నది. ఒకవేళ అది తప్పిపోతే ఇది ఉంటుందిలే అని బరంపురం వారికి "చూస్తాము భాయ్, దుఆ చేయండి" అని చెప్పి ఊరుకున్నాము. రెండు నెలలు గడిచాయి. ఆయన రెండుసార్లు ఫోను చేస్తే, తరగతిలో ఉన్నామని ఒకసారి, ప్రయాణంలో ఉన్నామని ఒకసారి చెప్పాము. మొదటిది నిజం. రెండవది నిజం కాదు.

ఆ రాత్రే ఆయనకు ఫోను చేశాము. క్షమాపణ అడిగాము. ఆయన పెద్దమనసుతో, "పర్వాలేదు మౌలానా. మీ వంటి ఇంటి నుండి కబురు వస్తుందని మా ఇంటివారు ఎదురుచూశారు. ఆ మధ్య సోంపేట నుండి వచ్చిన సంబంధానికి కూడా ఆగమని చెప్పాము. తరువాత వారు వేరే చూసుకున్నారు" అన్నారు. ఆయన మమ్మల్ని నిందించలేదు. అది మాకు మరింత బరువైంది. మేము ఒక జవాబు దాచుకున్నందుకు, మేము ఎరుగని మరొక ఇంటి తలుపు మూసుకుపోయింది. ఆ కుర్రవాని విషయం మళ్ళీ ఎత్తాలని మాకు ఉన్నా, తాము విసిగిపోయామనీ, దేవుడు మరో దారి చూపుతాడనీ ఆయన మర్యాదగానే తెలిపారు.

విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఆ రోజు తరగతిలో మేము జవాబివ్వలేకపోయిన కారణం ఇదీ.

సమృద్ధి అనే భ్రమ

ఇన్ని సంబంధాలు కళ్ళ ముందు ఉంటే మంచి నిర్ణయం వస్తుందని మనం అనుకుంటాము. 2000 సంవత్సరంలో అమెరికాలో శీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక దుకాణంలో ఒకసారి 24 రకాల జామ్ సీసాలు, మరొకసారి 6 రకాలు రుచి చూడడానికి పెట్టారు. 24 రకాల బల్ల దగ్గర ఎక్కువమంది ఆగారు గాని, వారిలో కొన్నది నూటికి ముగ్గురు. 6 రకాల బల్ల దగ్గర ఆగినవారిలో నూటికి ముప్పై మంది కొన్నారు. ఎన్నిక పెరిగినకొద్దీ మనిషి తేల్చుకోలేకపోతాడు.

పెళ్ళి సీసా కొనడం వంటిది కాదు. అయినా ఈ సంగతి మన ఇళ్ళలో కళ్ళారా చూస్తున్నాము. ఎదుట ఉన్న పిల్లవాడిలో గుణం కనిపిస్తున్నా, రేపు యాప్‌లో ఇంతకంటే మంచివాడు వస్తాడేమో అనే ఊగిసలాట. ఆ సైట్లు నెలల లెక్కన రుసుము తీసుకుని నడిచే వ్యాపారాలు. మన వెతుకులాట ఎంత సాగితే వారికి అంత లాభమని మరువకూడదు. ధర్మపరాయణతా, సౌశీల్యమూ తృప్తినిచ్చే వ్యక్తి అడిగితే వివాహం జరిపించమనీ, అలా చేయకుంటే భూమిలో కల్లోలం పెరుగుతుందనీ మహాప్రవక్త (స) చెప్పిన హితవు తిర్మిజీలో ఉన్నది. మొదట ధర్మమూ, గుణమూ చూడమన్నారు. ఎదుట కనిపించిన తరువాత కూడా ఇంకా మెరుగైనది కావాలని కాలం గడపమనలేదు.

మరొక దుర్వినియోగం కట్నం విషయంలో జరుగుతున్నది. ఒకేసారి మూడు సంబంధాలు చేతిలో పెట్టుకుని, "అక్కడ వారు ఇంత ఇస్తామంటున్నారు" అని ఇక్కడి తండ్రిని పిండేవారు మనలో ఉన్నారు. దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో మహర్ ఇవ్వవలసింది పురుషుడని స్పష్టం చేసింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం అడగడం, ఇవ్వడం, తీసుకోవడం అన్నీ నేరాలే. పిల్లను వేలం పాటలో నిలబెట్టేవానికి దైవం ముందూ, న్యాయస్థానం ముందూ జవాబు లేదు.

తడిసిన ధాన్యం

మహాప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని అమ్మేవాడు చెప్పగా, తడిసినదాన్ని ప్రజలకు కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, మోసగించేవాడు తమవాడు కాడన్నారు.

మన బయోడేటాలలో తడిసిన ధాన్యం ఎక్కడ ఉన్నది? వయసులో రెండేళ్ళు తగ్గించడంలో, జీతం పెంచి రాయడంలో, మొదటి పెళ్ళి దాచడంలో ఉన్నది. నాలుగు సైట్లలో నాలుగు రకాలుగా వివరాలు రాసి, ఏది ఎక్కడ రాశారో తామే మరచిపోయిన వారిని కూడా మేము ఎరుగుదుము.

ఉద్దానంలో ముఖ్యంగా ఆరోగ్యం విషయం ఉన్నది. ఇంటిలో కిడ్నీ వ్యాధి ఉంటే చెబితే సంబంధం తప్పిపోతుందని భయం. ఆ భయం మాకు తెలుసు. అయినా దాచడం ధర్మం కాదు. ఊరి పేరు చూసి పారిపోయేవారికి కూడా ఒక మాట. ఊరిని బట్టి మనిషిని రోగి అనడం అన్యాయం. రక్తపరీక్షలో క్రియాటినిన్ చూస్తే మూత్రపిండాల పనితీరు డాక్టరుకు తెలుస్తుంది. పలాసలోనే 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇరువైపులా పిల్లలకు పరీక్ష చేయించి, కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకోవడం అవమానం కాదు, అమానతు.

ఆడపిల్లల ఫోటోలు

బయోడేటా ఎన్ని చోట్ల ఉంటే ఫోటో అన్ని చేతులలో ఉంటుంది. 2021 జూలైలోనూ, 2022 జనవరిలోనూ సోషల్ మీడియా నుండి ముస్లిం స్త్రీల ఫోటోలు ఎత్తుకుపోయి, వారిని వేలం వేస్తున్నట్లుగా చూపిన యాప్‌ల దుర్మార్గం దేశమంతా చూసింది. నిందితులను పోలీసులు అరెస్టు చేశారు గాని, ఆ సోదరీమణులు అనుభవించిన వేదన తిరిగిపోయేది కాదు. 2020 నవంబరులో, నమాజు వేళలు తెలిపే ముస్లిం ప్రో యాప్ నుండి వాడుకరుల స్థానవివరాలు ఎక్స్-మోడ్ అనే డేటా సంస్థకు చేరుతున్నాయని పత్రికలు వెల్లడించాయి. ఆ తరువాత ఆ యాప్ వారు ఆ సంబంధం తెంచుకున్నారు. పేరులో ముస్లిం అని ఉన్నంత మాత్రాన మన పరదా అక్కడ భద్రమనుకోరాదు.

పెళ్ళి సంబంధాల సైట్లు వాడుకరుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలనీ, అవి పెళ్ళి కోసమే తప్ప డేటింగ్ కోసం కాదని ప్రకటించాలనీ కేంద్ర ప్రభుత్వం 2016 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా విచారణ బాధ్యత మనదే. వచ్చిన వార్తను నిర్ధారించుకొమ్మని హుజురాత్ సూరా ఆదేశిస్తున్నది. విదేశాలలో ఉద్యోగమని చెప్పి, చూడకముందే బహుమతి పంపామనీ, కస్టమ్స్ సుంకం కట్టమనీ డబ్బు అడిగితే అది మోసమే. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఆచరణలో ఏమి చేయాలి?

మా తప్పు నుండి మేము నేర్చుకుని, మా చెల్లెలి ఇంట్లో అమలు చేస్తున్న కొన్ని నియమాలు మీ ముందు ఉంచుతున్నాము.

ఒకటి: బయోడేటా ఎన్ని చోట్ల ఉన్నా, అన్నింటిలో ఒకే నిజం ఉండాలి. దానిని చూసే బాధ్యత ఇంటి పెద్ద ఒక్కరిదే కావాలి.

రెండు: ఫోటో అందరికీ కనిపించేలా పెట్టరాదు. విచారణ పూర్తయిన కుటుంబానికే చూపాలి. వివాహానికి ముందు పిల్లను ఒకసారి చూడమని మహాప్రవక్త (స) ముగీరా బిన్ షుఅబా (రజి)కు సూచించారు. ఆ చూపు పెద్దల సమక్షంలో జరగాలి, వంద ఫోనులలో కాదు.

మూడు: పిల్లా పిల్లవాడూ ముఖాముఖి మాట్లాడే దశకు వచ్చిన తరువాత ఒక్క సంబంధమే ముందుకు సాగాలి. మిగిలినవారికి "ఒకచోట మాటలు జరుగుతున్నాయి, మీరు వేచి ఉండనవసరం లేదు" అని చెప్పాలి.

నాలుగు: అడిగిన ప్రతివారికీ గడువు చెప్పాలి. మా ఇంట్లో పదిహేను రోజులు పెట్టుకున్నాము. గడువులోగా ఇస్తిఖారా నమాజు, విచారణ, సంప్రదింపు జరగాలి. గడువు నాటికి జవాబు వెళ్ళాలి. కాదనవలసి వస్తే కారణాల చిట్టా అక్కరలేదు. "మాకు కుదరలేదు, అల్లాహ్ మీకు మేలు చేయుగాక" అన్న రెండు మాటలు చాలు.

ఐదు: సమ్మతి ఇచ్చిన రోజే అన్ని చోట్లా బయోడేటా తొలగించాలి. మరొక సంబంధాన్ని "ఉంటే మంచిదే కదా" అని చేతిలో ఉంచుకోవడమే బయానా రెండుసార్లు తీసుకోవడం.

ఆరు: పిల్ల మాట వినాలి. హజ్రత్ ఖన్‌సా బిన్తె ఖిజామ్ (రజి)కు ఆమె ఇష్టం లేకుండా తండ్రి చేసిన నికాహ్‌ను మహాప్రవక్త (స) రద్దు చేశారు. మా ఇంట్లో ధర్మం గుర్తు చేసింది కూడా పిల్లే.

ఇక ఆ విద్యార్థికి మరునాడు మేము చెప్పిన జవాబు ఇది. "మీ అన్నయ్య వెతుకుతున్నంత వరకు హదీసు అతడిని ఆపదు. అతని మాటలు నమ్మి ఒక ఇంటివారు ఇతర సంబంధాలను ఆపుకున్నారా? అది అడుగు. ఆపుకొని ఉంటే, అతడు నోటితో అవుననకపోయినా వారి కాలం అతని వద్ద అమానతుగా ఉన్నది. ఇవాళే మిగిలినవారికి జవాబు చెప్పమను." బరంపురం సంగతి కూడా పేర్లు లేకుండా తరగతిలో చెప్పాము. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మా మేనకోడలి సంబంధం ఇంకా కుదరలేదు. బయోడేటా ఇప్పుడు రెండు చోట్లే ఉన్నది. పోయిన వారం వచ్చిన ఒక ప్రతిపాదన మాకు తగదనిపించి, నాలుగవ రోజునే తెలియజేశాము. అవతలి తండ్రి, "జజాకల్లాహ్, ఇంత త్వరగా ఎవరూ చెప్పలేదు" అన్నారు.

సోదరులారా! మీ ఫోనులో జవాబివ్వని కబురు ఒకటి ఉంటే, ఈ పత్రిక ప్రక్కన పెట్టి ముందు ఆ పని చేయండి. మన పిల్లలకు సత్‌శీలురైన జీవిత భాగస్వాములను, వారి మధ్య ప్రేమానురాగాలను అల్లాహ్ ప్రసాదించుగాక! మనం ఎదురుచూడబెట్టిన ఇళ్ళ ముందు మనల్ని తలదించుకోకుండా చేయుగాక! ఆమీన్.